చిగురు జారిన పంటికి పీకించడమే మార్గమా?

 

ఈ నెల ఈ శీర్షికను ఒక ఉత్తరానికే కేటాయిస్తున్నాము. మల్కాజ్‌గిరిలోని మీర్జాల్‌గూడ నుండి ఒక సోదరి దానిని రాశారు. ఆమె కోరిక మేరకు పేరు ప్రచురించడం లేదు. ఆమె అడిగిన ప్రశ్న వృద్ధులున్న ప్రతి ఇంటికీ సంబంధించినదే.

"మా అత్తమ్మ వయసు 68 సంవత్సరాలు. పదేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. చిగుళ్లు కిందికి జారి, ముందరి పళ్లు పొడుగ్గా కనిపిస్తున్నాయి. నాలుగు పళ్లకు చిగురు పక్కన గోధుమరంగు మచ్చలు పడ్డాయి. దవడ పన్ను ఒకటి అదే చోట నల్లబడింది. చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంటుందంటారు. రొట్టెను చాయ్‌లో నానబెట్టుకొని తింటున్నారు. మాంసం మానేశారు. పిల్లలందరూ దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నప్పుడు తనకు ఆకలి లేదని లోపలి గదిలోకి వెళ్లిపోతున్నారు. ఈ వయసులో పళ్లతో పనేమిటి, అన్నీ పీకించి సెట్టు పెట్టించండి అని బంధువులు అంటున్నారు. నల్లబడిన పన్ను మళ్లీ గట్టిపడుతుందా? మరొక సంగతి: అత్తమ్మ పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు అంటేనే ఆమె భయపడతారు. 'ఆ విషం తాగి మా ఊళ్లో నడుములు వంగిపోయాయి, ఇప్పుడు నోట్లో కూడా పెట్టుకోమంటారా' అని అడుగుతారు. నేను ఏం సమాధానం చెప్పాలి?"

సోదరీ! అత్తగారు ఆకలి లేదంటున్న మాట వెనుక ఉన్న బాధను మీరు పసిగట్టారు. సగం వైద్యం అక్కడే మొదలైంది. నోటిని చూడకుండా ఏ పన్ను నిలుస్తుందో, ఏది నిలవదో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా ఒక్క విషయం నిశ్చయంగా చెప్పవచ్చు. బయటపడిన పంటి వేరు బలహీనమైనదే కాని నిస్సహాయమైనది కాదు. అనుకూలమైన పరిస్థితి కల్పిస్తే అది తనను తాను గట్టిపరచుకోగలదు. మెత్తబడటం మొదలైన వేరు సైతం తిరిగి గట్టిపడిన సందర్భాలు దంతవైద్యులకు సుపరిచితం.

వేరు ఎందుకు త్వరగా పుచ్చుతుంది?

పంటిలో మనకు కనిపించే భాగానికి ఎనామిల్ అనే పింగాణీ వంటి పొర ఉంటుంది. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే కావడం వల్ల మన దేహంలో అంతకన్నా గట్టి పదార్థం మరొకటి లేదు. చిగురు కింద దాగి ఉండే వేరుకు ఈ కవచం లేదు. దానిపై సిమెంటం అనే పలుచని పొర మాత్రమే ఉంటుంది. అందులో ఖనిజం ఇంచుమించు సగమే. చిగురు అంచు దగ్గర ఈ పొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు మించదు. పంటిని ఎముకకు కట్టి ఉంచే నారలు నాటుకొని ఉండేది ఈ పొరలోనే. అల్లాహ్ దానిని పంటికి లంగరుగా సృష్టించాడు. నమిలే పని దానిది కాదు. దాని కింద డెంటిన్ ఉంటుంది. డెంటిన్‌లో సుమారు 70 శాతం ఖనిజం, మిగిలినది కొల్లాజెన్ అనే మాంసకృత్తుల అల్లిక, నీరు.

మనం తీపి గానీ పిండిపదార్థం గానీ తిన్న కొద్ది నిమిషాలకే పంటిపై పాచిలో ఉన్న సూక్ష్మజీవులు దానిని ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లత్వాన్ని పీహెచ్ అనే కొలతతో చెబుతారు. ఆ అంకె ఎంత తగ్గితే పులుపు అంత పెరిగినట్లు. ఎనామిల్ కరగడానికి అది 5.5 దాకా పడిపోవాలి. వేరు మాత్రం 6 దాటి ఉన్నప్పుడే కరగడం మొదలుపెడుతుంది. అంటే పై భాగానికి ఏ హానీ చేయని కొద్దిపాటి పులుపు కూడా వేరును కరిగించగలదు. చిగురు జారిన వారికి తీపి విషయంలో ఇతరులకన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది అందుకే.

మరి దానికున్న రక్షణ ఏమిటి?

వేరు పుచ్చడం రెండు దశల్లో జరుగుతుంది. మొదట ఆమ్లం ఖనిజాన్ని కరిగిస్తుంది. అప్పుడు లోపలి కొల్లాజెన్ అల్లిక బయటపడుతుంది. ఆ తరువాత సూక్ష్మజీవుల నుండీ మన లాలాజలం నుండీ డెంటిన్ నుండీ వచ్చే కొన్ని రసాయనాలు ఆ అల్లికను తెంపివేస్తాయి. ఇల్లు కట్టేవారు ఇనుప చువ్వల అల్లిక చుట్టూ కాంక్రీటు పోస్తారు కదా! కాంక్రీటు రాలినా చువ్వలు నిలిచి ఉంటే మళ్లీ పోయవచ్చు. చువ్వలు కూడా తెగిపోతే పోయడానికి ఆధారమే ఉండదు. పంటి వేరులో కూడా అల్లిక మిగిలి ఉన్నంతకాలం కరిగిపోయిన ఖనిజం తిరిగి వచ్చి చేరడానికి అవకాశం ఉంటుంది.

ఆ ఖనిజాన్ని మోసుకొచ్చేది లాలాజలం. అందులో కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి ఉంటాయి. ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ ఉంటుంది. పాచి లేని వేరు ఉపరితలం నోటిలో లాలాజలంతో తడుస్తూ ఉంటే ఖనిజాన్ని పీల్చుకొంటూ క్రమంగా గట్టిపడుతుంది. కొంతకాలానికి దాని పైపొర మునుపటికన్నా దట్టంగా తయారవుతుంది. లోపలి వైపు నుండి కూడా రక్షణ జరుగుతుంది. డెంటిన్‌లోని సన్నని గొట్టాలు ఖనిజంతో పూడుకుపోతాయి. పంటి గుజ్జు తన చుట్టూ కొత్త డెంటిన్ గోడను కట్టుకొంటుంది. వయసు మీరిన కొందరిలో వేరు బయటపడినా మొదట్లో ఉన్న జివ్వుమనడం కొన్నేళ్లకు తగ్గిపోవడానికి ఈ పూడిక ఒక కారణం.

ఇక్కడ మీ ప్రశ్నకు సమాధానం ఉంది. నల్లబడిన ప్రతి వేరూ పాడైపోతున్న వేరు కాదు. పసుపు లేదా లేత గోధుమరంగులో ఉండి, తోలులా మెత్తగా, తడిగా ఉన్న మచ్చలో పుచ్చు చురుకుగా సాగుతూ ఉంటుంది. ముదురు గోధుమ లేదా నలుపు రంగులో ఉండి, గట్టిగా, నున్నగా, మెరుస్తున్న మచ్చ సాధారణంగా ఆగిపోయిన పుచ్చుకు గుర్తు. కాబట్టి మీ అత్తగారి దవడ పంటిమీది నలుపు కన్నా ముందరి పళ్లపై ఉన్న లేత మచ్చలే ఎక్కువ ఆందోళన కలిగించేవి కావచ్చు. రంగు ఒక్కదానినే చూసి నిర్ణయించకూడదు. గట్టిదనమే అసలైన పరీక్ష. అది దంతవైద్యుడు తన పరికరంతో సున్నితంగా తాకి చూడవలసిన పని. ఇంట్లో పిన్నీసుతో, సూదితో గీకి చూడకండి. గట్టిపడుతున్న పొర ఆ గీతతోనే చెడిపోతుంది.

నల్లగొండ భయం: నిజమెంత?

అత్తగారి భయాన్ని అజ్ఞానమని కొట్టివేయకండి. ఆమె తన కళ్లతో చూసిన దానిని బట్టి మాట్లాడుతున్నారు. 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ నీటివల్ల ఎముకలు బిగుసుకుపోయిన వారిని గురించి వైద్యులు రాశారు. తరువాత నల్లగొండ జిల్లా పేరు దేశమంతటా ఈ వ్యాధితోనే వినిపించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందిస్తే, దానికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది.

అయితే అక్కడి హాని మింగిన ఫ్లోరైడ్‌వల్ల, ఏళ్ల తరబడి మింగినందువల్ల కలిగింది. లెక్క వేసి చూడండి. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చునని, వేరే నీరు దొరకని చోట 1.5 మించరాదని మన దేశ ప్రమాణం. లీటరుకు 5 మిల్లీగ్రాములున్న బోరు నీటిని ఎండలో పనిచేసే మనిషి రోజుకు నాలుగు లీటర్లు తాగితే 20 మిల్లీగ్రాములు దేహంలోకి పోతాయి. అదే 1000 పీపీఎం పేస్టును బఠానీ గింజంత తీసుకొంటే అందులో ఉండేది దాదాపు పావు మిల్లీగ్రాము. అందులో అధికభాగం ఉమ్మివేస్తాము. పళ్లమీద మచ్చలు వేసే ఫ్లోరోసిస్ పళ్లు తయారయ్యే బాల్యంలోనే వస్తుంది. 68 ఏళ్ల వారికి పేస్టువల్ల అది రాదు. చిన్నపిల్లలు పేస్టు మింగకుండా చూడటం మాత్రం తప్పనిసరి.

పైపూతగా తగిలిన ఫ్లోరైడ్ చేసే మేలు వేరు. కరిగిన ఖనిజం తిరిగి చేరే వేళ అది కూడా ఆ నిర్మాణంలో కలిస్తే, ఏర్పడే కొత్త స్ఫటికం ఆమ్లానికి అంత త్వరగా కరగదు. 1986లో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో రెండు పట్టణాలను పోల్చి చూశారు. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 3.5 మిల్లీగ్రాములున్న లార్డ్స్‌బర్గ్‌లో, 0.7 ఉన్న డెమింగ్‌లోకన్నా వేరు పుచ్చు తక్కువగా కనిపించింది. అలాంటి నీరు తాగమని దీని అర్థం కాదు. దాని హాని మనకు తెలిసిందే. ఫ్లోరైడ్ వేరును గట్టిపరుస్తుందనడానికి మాత్రం అది సాక్ష్యం. మింగకుండానే ఆ మేలు పొందడానికి పేస్టు మార్గం చూపింది. వేరు పుచ్చు ఉన్నవారికి 5000 పీపీఎం పేస్టును, మామూలు 1100 పీపీఎం పేస్టును ఇచ్చి ఆరు నెలల తరువాత పరీక్షించిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. ఎక్కువ మోతాదు పేస్టుతో సగానికి పైగా మచ్చలు గట్టిపడ్డాయి. మామూలు పేస్టుతో గట్టిపడినవి మూడో వంతుకన్నా తక్కువ. అంత మోతాదు పేస్టును వైద్యుడు రాసి ఇస్తేనే వాడాలి. మామూలు పేస్టుతో కూడా కొన్ని గట్టిపడ్డాయన్న సంగతిని గుర్తుంచుకోండి.

మన అలవాట్లు వేరుకు చేస్తున్న కీడు

మొదటిది రాపిడి. బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు మంజన్, గట్టి బ్రష్షు ఎనామిల్‌నే అరగదీస్తాయి. ఇక వేరుమీది పలుచని పొర వాటికి ఎంత? నెలల తరబడి లాలాజలం గట్టిపరచిన ఉపరితలాన్ని మనమే రోజూ ఉదయం తోమి పారబోస్తున్నాము. పొగాకు కలిసిన మంజన్‌తో నోటి క్యాన్సరు ముప్పు కూడా తోడవుతుంది. గుట్కా, జర్దా సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రెండవది మాటిమాటికీ తీపి. ఒకసారి తీపి తగిలితే నోటి పులుపు విరిగి మామూలు స్థితికి రావడానికి అరగంట అటూఇటూ పడుతుంది. చక్కెర వేసిన చాయ్‌ను ఐదు నిమిషాల్లో తాగితే వేరుకు ఒకే దెబ్బ. అదే కప్పును పక్కన పెట్టుకొని గంటసేపు గుక్క గుక్కగా తాగుతూ బిస్కెట్లు ముంచుకొంటే ఆ గంటంతా వేరు కరుగుతూనే ఉంటుంది. మీ అత్తగారు నమలలేక రొట్టెను తీపి చాయ్‌లో నానబెట్టి తింటున్నారు. మెత్తటి పిండి, చక్కెర కలిసి సరిగ్గా చిగురు అంచున అంటుకొంటాయి. నొప్పి మెత్తటి తిండికి దారితీస్తే, ఆ తిండి నొప్పిని మరింత పెంచుతున్నది.

మూడవది నోరు ఎండిపోవడం. వేరును కాపాడే ఖనిజమంతా లాలాజలంలోనే ఉందన్నాము. షుగరు అదుపు తప్పినప్పుడు, కొన్ని రకాల బీపీ, అలర్జీ, మానసిక వ్యాధుల మందులు వాడినప్పుడు నోరు ఎండుతుంది. రాత్రి నీళ్ల గ్లాసు పక్కన లేనిదే నిద్ర పట్టడం లేదా, పొడి రొట్టె మింగుడు పడటం లేదా అని అత్తగారిని అడగండి. అవునంటే ఆ మాటను ఆమెకు మందులిచ్చే వైద్యుడికి చెప్పండి. మందులు మీరే మాన్పించకండి. నోరు ఊరుతుందని నిమ్మముక్క, పుల్లని బిళ్లలు చప్పరించడం వేరుకు హానికరం. సాదా నీటిని కొద్దికొద్దిగా తాగడం మంచిది.

మిస్వాక్ ఎలా వాడాలి?

మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) మిస్వాక్‌ను ఎంతగా ప్రోత్సహించారో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. అరబ్బులు అరాక్ అనీ, ఉర్దూలో పీలూ అనీ పిలిచే ఆ చెట్టు పుల్లకు పాచిని తొలగించే శక్తి ఉన్నదని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. కాని వాడే తీరు ముఖ్యం. ఎండిన గట్టి పుల్లతో అడ్డంగా, బలంగా రుద్దేవారిలో చిగుళ్లు జారడం ఎక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు గుర్తించాయి. ఆ దోషం సున్నత్‌ది కాదు, మన తొందరపాటుది. పుల్ల కొనను నీటిలో నానబెట్టి, మెత్తని కుంచెలా అయ్యే దాకా నమలండి. చిగురు నుండి పంటి కొన వైపుకు నిదానంగా తీయండి. వాడిన కొనను తరచుగా కత్తిరించి కొత్త కొన తీయండి. దవడ పళ్ల లోపలి వైపుకు పుల్ల సరిగా చేరదు కనుక మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు కూడా తోడుగా ఉండాలి. వుజూ వేళ మిస్వాక్, పడుకొనే ముందు బ్రష్షు అనే అలవాటు చక్కగా కుదురుతుంది.

రమజాన్‌లో సహరీ తిని అలాగే నిద్రపోవడం వేరుకు చాలా చెడ్డది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. ఉపవాసంలో పేస్టు వాడటం గురించి సందేహం ఉన్నవారు సహరీ ముగించి ఫజ్ర్ వేళ ప్రవేశించక ముందే ఒకసారి, తరావీహ్ తరువాత పడుకోబోయే ముందు మరొకసారి తోముకొంటే సరిపోతుంది. ఇఫ్తార్‌లో ఖర్జూరం తిన్నాక నీటితో పుక్కిలించడం మరవకండి.

ఇప్పుడు మీరు చేయవలసినవి

మంజన్ డబ్బాను ఇంట్లోనుండి తీసివేయండి. మెత్తని బ్రష్షు కొనండి. ఉదయం, రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో రెండు నిమిషాలపాటు చిగురు అంచున నెమ్మదిగా తోమాలి. ఆ తరువాత నురుగు ఉమ్మివేయాలే తప్ప వెంటనే నీళ్లతో పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే వేరుకు అందవలసిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. ఆమె చేతులు వణుకుతుంటే మీరే తోమిపెట్టండి. చాయ్ చక్కెర లేకుండా, భోజనంతో పాటు ఇవ్వండి. షుగరు ఉన్నవారికి అది ఎలాగూ మేలే. మాంసాన్ని మెత్తగా ఉడికించి ఖీమాగా, పప్పును హలీమ్‌లా చేసి పెట్టండి. అందరితో కలిసి తినగలిగేలా ఆమె పళ్లెం ఉండాలి.

ఈ వారంలోనే దంతవైద్యునికి చూపించండి. దగ్గరలోని వైద్యుని ఖర్చు భారమైతే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆమె వేసుకొనే మందుల చీటీలు, ఇటీవలి షుగరు పరీక్ష కాగితాలు వెంట ఉంచండి. మూడు ప్రశ్నలు అడగండి. ఏ మచ్చలు మెత్తగా ఉన్నాయి, ఏవి గట్టిపడ్డాయి? గార తీయించాలా? ఫ్లోరైడ్ పూత వేయవచ్చా? మెత్తబడిన చోట వెండి కలిసిన ఫ్లోరైడ్ మందును కూడా పూస్తారు. అది పుచ్చును ఆపగలదు, కాని ఆ చోటును శాశ్వతంగా నల్లగా చేస్తుంది. ముందరి పళ్లకైతే ఆమె ఇష్టాన్ని ముందే కనుక్కోవడం మంచిది. గుంట పడిన వాటిని పూడ్చవచ్చు.

పీకక తప్పని పళ్లు కూడా ఉంటాయి. బాగా కదిలిపోతున్న పన్ను, చీము పట్టి చికిత్సకు లొంగని పన్ను, వేరు లోతుగా విరిగిన పన్ను ఉంచుకోవడం ప్రమాదం. ముఖం వాచినా, జ్వరం వచ్చినా ఒక్కరోజు కూడా ఆగకండి. కాని వయసు మీరిందన్న ఒకే కారణంతో గట్టి పళ్లను సైతం తీయించి సెట్టు పెట్టించడం మంచి సలహా కాదు. కొన్ని పళ్లు తీసి సెట్టు పెట్టినా, దాని కొక్కేల దగ్గర ఆహారం నిలిచి పక్క పళ్ల వేర్లు పుచ్చుతాయి. రోజూ శుభ్రం చేసే అలవాటు లేకపోతే సెట్టు కూడా సమస్యే.

అత్తగారికి ఇలా చెప్పండి: "అమ్మీ, మీ ఊరివాళ్లను బాధపెట్టింది తాగిన నీళ్లు. ఇది తాగేది కాదు, పూసి ఉమ్మేది." మొదటిరోజు ఆమె చేతిలో పేస్టు పెట్టి మీరు కూడా పక్కన నిలబడి తోముకోండి. మూడు నాలుగు నెలల తరువాత వైద్యుడు మళ్లీ తాకి చూసినప్పుడు ఆ మచ్చలు గట్టిపడ్డాయని చెబితే మాకు మరో ఉత్తరం రాయండి. అల్లాహ్ ఇచ్చిన దేహం మన వద్ద ఉన్న అమానత్. ఇంటి పెద్దల దేహాలు మనకు ఇంకా పెద్ద అమానత్. ఆమె మళ్లీ మనవళ్ల మధ్య దస్తర్‌ఖాన్ ముందు కూర్చొని, తన చేత్తో రొట్టె తుంచి నమిలి తినే రోజు త్వరలో రావాలని దుఆ చేస్తున్నాము. ఆమీన్.